ఊరి రాయి, అడవి పక్షి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు వత్సరములుగా మన గ్రంథాలయము లోకమునందలి పుస్తకములను మన యూరికి తెచ్చినది. మన యూరివారి యెరుకను లోకమునకు అందించు పని మాత్రము మిగిలియున్నది. అందులకై ఒక చిన్న సంఘమును, నెలకొక ప్రసంగమును కోరుటకే నేను నిలిచితిని.

ఇట్టి సంఘములకు మేడలు, బిరుదులు అక్కరలేదు. 1883లో బొంబాయిలో ఎనమండుగురు నెలకొకమారు కూడి, తాము చూచిన జంతువులను, పక్షులను గూర్చి ముచ్చటించుకొనవలెనని తలంచిరి. అందు ఇద్దరు భారతీయులు: ఆత్మారామ్ పాండురంగ, సఖారామ్ అర్జున్. ఇద్దరును వైద్యులే. అదియే బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము.

దూరపు మాట యందురా? మన కడప జిల్లా సంగతియే వినుడు. కలివికోడి యను పక్షి కలదు. పగలు పొదలలో నణగి, రాత్రి తిరుగును. జెర్డన్ అను ఆంగ్ల వైద్యుని మూలమున 1848లో శాస్త్రగ్రంథముల కెక్కినది. 1900 తరువాత పండితుల కంట పడలేదు, నశించినదనియే తలంచిరి. ఈ సంఘమువారు దాని బొమ్మను పల్లెలలో చూపి విచారింపగా, 1986 జనవరిలో సిద్ధవటము చెంత రెడ్డిపల్లె ప్రాంతమున ఐతన్న యను అడవి నెరిగిన గ్రామస్థుడు, రాత్రివేళ టార్చిలైటు వెలుగున దానిని పట్టి తెచ్చెను! ఎనుబదియైదేండ్లు గ్రంథములు చెప్పలేని దానిని ఒక పల్లెవాడు చూపెను. పిమ్మట లంకమల అభయారణ్య మేర్పడినది. ఆ పక్షి కొరకు తెలుగుగంగ కాలువ దారియు మార్చబడినది. అంతకు ముందే ఎవరైన ఐతన్న వంటివారిని సభకు పిలిచి అడిగియుండిన నెంత బాగుండెడిది!

రాళ్ల సంగతియు నిట్టిదే. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల చెన్నకేశవాలయ ప్రాంగణమున నున్న శాసనము క్రీ.శ. 575 ప్రాంతపుది. రేనాటి చోడుల నాటి ఆ రాయి తొలి తెలుగు శాసనముగా పేరొందినది. మన పొలముల గట్లపై, బావుల మెట్లలో అక్షరములున్న రాళ్లు ఎన్ని గలవో లెక్కించినవారు లేరు. కొన్ని గడపలుగా మారి, కాళ్లక్రింద అరిగిపోవుచున్నవి. కర్నల్ మెకంజీ తన గుమాస్తాలను పంపి, ఊరూరి కరణములను, వృద్ధులను విచారించి కైఫీయతులు వ్రాయించెను. ఆయన 1821లో గతించెను. కడపలో నివసించిన బ్రౌను దొర వానికి ప్రతులు వ్రాయించెను. ఆనాటి గుమాస్తాలు చేసిన పని మన పిల్లలు చేయలేరా?

ఒక్క జాగ్రత్త. అరుదైన పక్షి గూడు ఎచ్చటనున్నదో సభలో చెప్పరాదు. వేటగాండ్రును శ్రోతలుగా రాగలరు. రాళ్లకు సున్నము పూయరాదు. నిక్షేపము లున్నవని త్రవ్వరాదు.

మొదటి ప్రసంగము గొఱ్ఱెలు కాయు మన పెద్దలు చేయవలెనని నా కోరిక. వారు ఉపన్యాసమనిన జంకుదురు. కనుక అరుగుమీద కూర్చుండి మాటలాడినను చాలును. వ్రాయు పని నాది. గట్టి అట్ట గల నోటుబుక్కు నొకదానిని కార్యదర్శిగారు దయతో ఇప్పింతురుగాక.