ఈ పైసలు ఎవరివి?
(యాదగిరిగుట్ట సభలో చేసిన ప్రసంగం)



తల్లిదండ్రులు లేని పిల్లలకు మేము ఫీజులు కడుతున్నం, నోటుబుక్కులు కొంటున్నం. ఆ పైసలు మావి కావు. గుట్ట కింద కొబ్బరికాయలమ్మే అక్కలవి, ఆటో నడిపే తమ్ములవి, కూలికి పోయే అవ్వలవి. పదో ఇరువయ్యో ఇస్తరు, రసీదు సుత అడగరు. ఒక పెద్దమనిషి మాత్రం పిల్లలను వరుసగా నిలబెట్టి ఫోటో తీస్తనన్నడు. వద్దన్నం. ఆ నెల ఇద్దరి ఫీజు ఆగింది, అబద్ధమెందుకు?

ఈ పని మనకు కొత్త కాదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910లోనే మన పిల్లలకు బడి పెట్టిండు. ఆ బడులు 26 దాక పెరిగినయి.

ఇప్పుడొక పాప కులం సర్టిఫికెట్ ఆగింది. సచ్చిపోయిన తండ్రి సంతకం తెమ్మన్నరట! సోమవారం ఆ ఆఫీసుకు పోతున్నం. అమ్మమ్మ ఒక్కతే ఎన్నిసార్లు తిరుగుతది? మీరూ రాండ్రి.