అనాసకు చుట్టం: మా కిటికీలోని బ్రోమీలియాడ్

(ఫ్రీమాంట్ ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను తెలుగు నేర్చుకొన్నది రాత్రి బడిలో, అదీ యాభై ఏళ్ళు దాటిన తర్వాత. తప్పులు దొర్లితే మన్నించమని ముందే మనవి చేసుకొంటున్నాను. మా తాత 1912లో మద్రాసు రేవులో ఓడ ఎక్కి, గిర్మిట్ కూలీగా ఫిజీ చెరకు తోటలకు వెళ్ళాడు. మా నాన్న, నేను అక్కడే పుట్టాము. 1987లో అక్కడ సైనిక తిరుగుబాట్లు జరిగిన తర్వాత మా కుటుంబం కాలిఫోర్నియా చేరింది. ఇంట్లో మేము మాట్లాడింది ఫిజీ హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు మా నాన్నమ్మతోనే పోయిందనుకొన్నాము.

సాహిత్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. అందుకని ఒక మొక్క గురించి చెబుతాను.

మన ఊరి దుకాణాలలో, చిన్న కుండీలో, పొడుగాటి ఆకుల మధ్య నుంచి ఎర్రగానో, పసుపుగానో మంట లేచినట్లుండే మొక్కను మీరు చూసే ఉంటారు. దాని పేరు గుజ్మానియా. అది బ్రోమీలియాడ్ కుటుంబంలోది. ఈ కుటుంబంలో 3000కు పైగా జాతులున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో ఉన్న ఒక్కటి తప్ప మిగిలినవన్నీ అమెరికా ఖండాలలో పుట్టినవే. వీటిలో మనందరికీ తెలిసినది అనాస. కొలంబస్ దానిని 1493లో గ్వాడెలూప్ దీవిలో చూశాడు. పోర్చుగీసువారు పదహారవ శతాబ్దంలో ఇండియాకు తెచ్చారు. అనాస అనే మాట కూడా దక్షిణ అమెరికాలోని టూపీ ప్రజల నుంచి పోర్చుగీసువారి నోట మన దాకా వచ్చినదే. ఈనాడు సీతంపేట కొండలలో సవరలు అనాస పండిస్తున్నారు. మనవలెనే అదీ ఓడెక్కి ఊరు మారినదే!

ఇక పెంపకం సంగతి. గుజ్మానియా అడవిలో చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది. చెట్టును పట్టుకొంటుందే గాని దాని రసం పీల్చదు. వేళ్ళు ముఖ్యంగా పట్టుకోసమే. ఆకుల మొదళ్ళు కలిసి నడుమ ఒక గిన్నెలా ఏర్పడతాయి. వాన నీరు అందులో నిలుస్తుంది. మొక్క దానినే తాగుతుంది. కనుక నీళ్ళు ఆ గిన్నెలో పోయాలి. ఒక అంగుళం లోతు చాలు. వారానికొకసారి మొక్కను వంచి పాత నీరు పారబోసి కొత్త నీరు పోయండి. లేకపోతే నీరు కుళ్ళుతుంది, దోమలు కూడా చేరతాయి. కుండీలో మామూలు తోట మట్టి వద్దు. చెట్టు బెరడు ముక్కలు కలిపిన గుల్ల మిశ్రమం వేయండి. అది కొద్దిగా తడిగా ఉంటే చాలు.

ఫ్రీమాంట్ కుళాయి నీటిలో కొంత నైల్స్ ప్రాంతపు భూగర్భ జలం ఉంటుంది. భూగర్భ జలం కఠినం. ఆరిన చోట ఆకుల మీద తెల్లని మచ్చలు మిగులుతాయి. నవంబరు నుంచి మార్చి దాకా పడే వాన నీటిని ప్లాస్టిక్ బకెట్టులో పట్టి ఉంచుకోవడం మేలు. రాగి చెంబుతో మాత్రం పోయకండి. మనకు మంచిదనుకొనే రాగి ఈ మొక్కకు విషం. వెలుతురు బాగా రావాలి కాని, పడమటి కిటికీలో వేసవి ఎండ నేరుగా తగిలితే ఆకు మాడుతుంది. 60 నుంచి 80 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి దానికి హాయి. చలికాలపు రాత్రి కిటికీ అద్దానికి ఆనించి ఉంచకండి. హీటరు గాలికి ఎదురుగానూ పెట్టకండి.

ఆ ఎర్రని భాగం పువ్వు కాదు. కాగితపు పూలలో వలె అవి రంగు మారిన ఆకులే. అసలు పూలు వాటి మధ్య చిన్నవిగా వచ్చి పోతాయి. ఆ రంగు రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. ఆ తర్వాత ఆ మొక్క మళ్ళీ పూయదు. మెల్లగా వాడిపోతుంది. నా మొదటి మొక్కను నా చేతి లోపమనుకొని చెత్తబుట్టలో వేశాను.

రెండవది వాడినప్పుడు రాత్రి బడికి తీసుకువెళ్ళాను, దాని గురించి నాలుగు వాక్యాలు చెబుదామని. "ఈ మొక్క చచ్చిపోయింది" అన్నాను. మాస్టారు వంగి ఆకుల కింద చూసి, "చావలేదండీ, పిలక వేసింది" అన్నారు.

ఆ మాట విని యాభై ఏళ్ళయింది. ఫిజీలో ఇంటి వెనుక అరటి చెట్ల మధ్య నాన్నమ్మ, "పిలక తొక్కకురా!" అని నన్ను అరిచేది. అది తెలుగని కూడా అప్పుడు నాకు తెలియదు.

ఆ సంతోషంలో ఇంటికి వెళ్ళి రెండంగుళాల పిలకను కోసి వేరే కుండీలో నాటాను. నెల తిరక్కుండా ఎండిపోయింది. తర్వాత చదివి తెలుసుకొన్నాను. పిలక తల్లిలో మూడవ వంతైనా, సగమైతే ఇంకా మంచిది, ఎదిగేదాకా కోయకూడదు. దానికి కొన్ని నెలలు పడుతుంది. తల్లి ఆకులు పండిపోతున్నా వాటి బలం పిలకకు అందుతూనే ఉంటుంది. తగినంత ఎదిగాక పదునైన కత్తితో కోసి, గాయం ఒక రోజు ఆరనిచ్చి, చిన్న కుండీలో పైపైనే నాటాలి. రెండు మూడేళ్ళకు అది పూస్తుంది. ఎదిగీ పూయకపోతే గిన్నెలో నీరు వంపేసి, పండిన ఆపిల్ పండుతో పాటు వారం పది రోజులు ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచండి. పండు నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు దానిని పూయిస్తుంది.

మా నాన్న మమ్మల్ని తెలుగు నుంచి తొందరగా కోశాడు. "ఇంగ్లీషు వస్తే చాలు, చెరకు కొట్టక్కరలేదు" అనేవాడు. ఆయనను తప్పుపట్టను, ఆ ఇంగ్లీషుతోనే నేను ఉపాధ్యాయుడినయ్యాను. కాని నాన్నమ్మ చివరి రోజుల్లో ఆమెకు తెలుగు ఒక్కటే మిగిలింది. నాకప్పుడు పదేళ్ళు. నా చెయ్యి పట్టుకొని ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. ఏమడిగిందో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా ఆరేళ్ళ మనవరాలు ప్రతి శనివారం ఆ గిన్నెలో నీళ్ళు మారుస్తుంది. మాటలన్నీ ఇంగ్లీషే, కాని పిలకలను మాత్రం "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతుంది. అంతవరకు వచ్చింది, నేను తొందరపడటం లేదు.

వాకిలి దగ్గర బల్ల మీద ఆరు చిన్న కుండీలు పెట్టాను. కావలసినవారు తీసుకువెళ్ళండి. వెల ఏమీ లేదు. మీ ఇంట్లో దానిని పిలక అనే పిలవండి. పిల్లలు అర్థం అడిగితే చెప్పండి.