పాత చేపలపడవకు కొత్త వెల



చేపలపడవ యనగానే మన కోస్తావారికి కాకినాడ రేవులోని నావయో, ఇసుకమీదికి లాగి యుంచిన తెప్పయో కన్నులయెదుట నిలుచును. అది జీవనాధారము. దాని వెలను వేటయే నిర్ణయించును. నేడు మేము చెప్పబోవునది వేరొక జాతి పడవ. అమెరికాలో ఫ్లారిడా తీరమున వినోదార్థము నడిసముద్రమునకు పోయి, గాలముతో పెద్దచేపలను పట్టువారి పడవ. ఏబది అరువది యేండ్లక్రిందట తయారై, శిథిలమై, నిపుణుల చేతులలో పునర్జన్మ మెత్తిన అట్టి పడవకు వెల కట్టుట యెట్లు? దాని నమ్ముట యెట్లు? ఇది పైకి కనిపించునంత సులభమైన లెక్క కాదు.

ఉదాహరణకు 'బెర్‌ట్రమ్ 31' అను పడవను తీసికొందము. రిచర్డ్ బెర్‌ట్రమ్ మయామీ నగరమున పడవల బ్రోకరు. 1958లో అమెరికా కప్పు పోటీల సందర్భమున న్యూపోర్టులో ఉండగా, రే హంట్ అను రూపశిల్పి కల్పించిన చిన్న మోటారుపడవ యొకటి ఆయన కంటబడెను. తక్కిన పడవలు అలలపై ఎగిరెగిరి పడుచుండగా అది అలలను కోసికొని పోవుచుండెను. దాని అడుగుభాగము చదునుగా నుండక, నాగటిచాలు తీయు కర్రువలె, వెనుక చివరవరకును లోతుగా కోసుగా నుండుటయే అందలి రహస్యము. ఆ పద్ధతిలో బెర్‌ట్రమ్ 31 అడుగుల కొయ్యపడవను కట్టించి, తన భార్య ముద్దుపేరున దానికి 'మాపీ' అని పేరిడెను. 1960లో మయామీనుండి బహామా దీవులలోని నాసో వరకు జరిగిన పందెమున, సముద్రము మిక్కిలి అల్లకల్లోలముగా నుండగా, మాపీయే గెలిచినది. ఆ పడవనుండియే అచ్చు తీసి ఫైబర్‌గ్లాసుతో పడవలు పోయించిరి. 1961లో మొదలైన ఆ వరుస రెండు దశాబ్దములకు పైగా సాగినది.

ఇంత చరిత్ర యెందుకన, కొనువాడు వెల చెల్లించునది కొంత ఈ చరిత్రకే. అయితే ఎంత? ఆ పడవ కదలక నిలిచినపుడు అటునిటు ఊగును. గాలి అడ్డముగా వీచినపుడు నడుపువానిని తుంపరలతో తడుపును. దాని నెరిగినవా రందరును ఈ దోషముల నెరుగుదురు, ఎరిగియే కొందురు. ప్రియుడు ప్రియురాలి పుట్టుమచ్చను లెక్కించునట్లు కాక, మామగారు కట్నము లెక్కించునట్లు వెల కట్టవలెనని మా అభిప్రాయము.

ఇక లెక్కకు వత్తము. ఒక యజమాని శిథిలమైన పడవను 25 వేల డాలర్లకు కొని, యార్డులో మరమ్మతులకు 1,50,000 డాలర్లు వెచ్చించెననుకొందము. మొత్తము 1,75,000. కనుక 1,80,000 అడుగుట న్యాయమని యాతడు తలచును. అట్టి పడవలే బజారులో లక్షకు అమ్ముడుపోవుచున్నవనుకొందము. ఈ యంకెలు లెక్కకై మేము కల్పించుకొన్నవి. లెక్క తీరు మాత్రము కల్పన కాదు. ఇంటిలోని పాత రేడియోను బాగుచేయించి, అంగడిలో దాని వెల విచారించినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

పెట్టిన డబ్బంతయు ఒకే తీరున తిరిగి రాదు. పాత పెట్రోలు ఇంజనుల స్థానమున డీసెలు ఇంజనులు పెట్టించినచో, దానిలో గణనీయమైన భాగము వెలలో చేరును. పెట్రోలు ఆవిరి పడవ అడుగున నిలిచి అంటుకొను భయము తప్పుట అందుకొక కారణము. కొత్త ఇంధనపు ట్యాంకులు, కొత్త విద్యుత్తు తీగలు కంటికి కనబడవు గాని, తెలిసిన కొనుగోలుదారు మొదట విచారించునవి అవియే. చూపరులు మెచ్చు నున్నని రంగుకై పట్టిన వందల గంటల కూలి అంతగా తిరిగి రాదు. యజమాని తన యిష్టముకొలది చేయించిన వింత రంగు, విచిత్రమైన గది అమరిక యైనచో, తిరిగి వచ్చుట యటుండగా వెలను తగ్గించినను తగ్గించును.

మరి వెల ఎక్కడ నిలుచును? దానికి రెండు హద్దులు గలవు. క్రింది హద్దు, అదే జాతిలో మామూలుగా నడుచుచున్న పడవ వెల. పై హద్దు, కొనువాడు తానే ఒక శిథిలమైన పడవను కొని బాగుచేయించుకొనుటకు పట్టు ఖర్చు. ఆ ఖర్చులో కాలమును గూడ చేర్చవలెను. ఏడాది రెండేడులు యార్డుచుట్టు తిరుగుట, మధ్యలో పని ఆగిపోవునేమో యను దిగులు, ఇవన్నియు తప్పించుకొనుటకే మనుష్యుడు సిద్ధముగా నున్న పడవకు ఎక్కువ యిచ్చును. ఈ రెండు హద్దులనడుమ మన పడవ ఏ ప్రక్కకు ఒరుగునన్నది నమ్మకమును బట్టి యుండును. నమ్మకము కాగితములమీద నిలుచును. యార్డు బిల్లులు, ఇంజనుల పుస్తకములు, అన్నిటికన్న ముఖ్యముగా, నేల మూయకముందు, గోడ బిగింపకముందు లోపలి పనిని చూపుచు తీసిన ఛాయాచిత్రములు ఉండవలెను. పైపూతక్రింద ఏమున్నదో చూపలేని అమ్మకందారునకు పై హద్దు దక్కుట కష్టము.

ప్రసిద్ధికెక్కిన పడవల సంగతి వేరు. 1937లో టకోమా నగరమున కట్టిన 'వెస్టర్న్ ఫ్లయర్' అను సార్డీను చేపలనౌకను 1940లో రచయిత జాన్ స్టయిన్‌బెక్, ఆయన మిత్రుడైన జీవశాస్త్రజ్ఞుడు ఎడ్ రికెట్స్ బాడుగకు తీసికొని కాలిఫోర్నియా సింధుశాఖకు యాత్రచేసిరి. ఆ నౌక 2012లో ఒకసారి, 2013లో మరొకసారి మునిగినది. 2015లో జాన్ గ్రెగ్ అను నాతడు పది లక్షల డాలర్లిచ్చి, బురదపట్టిన ఆ నౌకను కొని, పోర్ట్ టౌన్‌సెండ్‌లో పునరుద్ధరింపజేసెను. 2023లో అది మాంటరే రేవునకు తిరిగి వచ్చినది. దానిని విద్యకును పరిశోధనకును వినియోగించుచున్నారే గాని బజారున పెట్టలేదు. ఆ లెక్కను చూపి తన పడవకు వెల చెప్పువాడు మోసపోవును.

బజారు వెలలు తెలిసికొనుటలోను మెలకువ వలయును. ప్రకటనలలో కనబడునవి అడుగు వెలలు. కుదిరిన వెలలు బ్రోకర్ల లెక్కలలో నుండును. అమెరికాలో బ్రోకరు రుసుము సాధారణముగా నూటికి పది. అది అధికమని కొందరు తామే అమ్మజూతురు. అట్లు అమ్మినవారును గలరు. కాని కుదిరిన వెలలు తెలియుట, వట్టి వేడుకకు వచ్చువారిని వడగట్టుట, బయానా సొమ్మును ప్రత్యేక ఖాతాలో భద్రపరచుట అను పనులకు ఆ రుసుము చెల్లినట్లే. మొదట మిక్కిలి ఎక్కువగా అడిగి, పిదప నెలకొకమారు తగ్గించు పద్ధతి మాకు నచ్చదు. చిరకాలము ప్రకటనలో నున్న పడవను చూచి జనము, "ఇందులో ఏదో లోపము గలదు" అనుకొందురు. ఈలోపల రేవు బాడుగ, భీమా, అడుగు శుభ్రము చేయించు ఖర్చు సాగుచునే యుండును. ఫ్లారిడాలో జూన్ 1 నుండి నవంబరు 30 వరకు తుఫానుల కాలము. ఫిబ్రవరిలో మయామీ పడవల ప్రదర్శన జరుగును. ఈ రెంటినడుమ అమ్మదలచినవాడు శీతకాలములోనే సిద్ధపడవలెను.

వెల కుదిరినపుడు కొనువాడు నూటికి పదివంతున బయానా కట్టుట వాడుక. ఆ తరువాత పరీక్షలు. పడవను గట్టుకెక్కించి, సర్వేయరు చిన్న సుత్తితో తట్టి శబ్దము వినును. తేమను కొలుచు పరికరముతో గోడలు పరీక్షించును. ఇంజనులకు వేరొక నిపుణుడు వచ్చి చమురు నమూనాలు తీసికొనును. పిమ్మట సముద్రముమీద పూర్తివేగమున నడిపి చూతురు. ఇంజను తనకు నిర్ణయించిన చుట్ల సంఖ్యను అందుకొనలేనిచో చక్రము సరిపడలేదనియో, ఇంజనులోనే లోపమున్నదనియో అర్థము. ఈ పరీక్షల ఖర్చు కొనువానిదే. అయినను అమ్మువాడు ముందుగా తన సొమ్ముతో ఒక సర్వే చేయించుకొనుట మంచిదని మేము చెప్పుదుము. బేరము కుదిరినపిదప బయటపడిన లోపము, దాని మరమ్మతు ఖర్చుకంటె ఎక్కువగా వెలను క్రుంగదీయును.

ఇక అసలు ప్రమాదము. మనము ఇల్లు కొనునపుడు రిజిస్ట్రారు కచేరిలో ఎన్‌కంబరెన్సు పత్రము తీయింతుము గదా. అమెరికా చట్టముప్రకారము, యజమాని మాటపై పడవకు మరమ్మతుచేసిన యార్డునకు, సామగ్రి యిచ్చిన వర్తకునకు తమ బాకీనిమిత్తము పడవమీదనే హక్కు కలుగును. పడవ చేతులు మారినను ఆ హక్కు పడవవెంట పోవును. లక్షల ఖర్చుతో పునరుద్ధరించిన పడవ విషయమున ఇది వట్టి భయము కాదు. బిల్లొకటి నిలిచిపోయిన పడవను తెలియక కొన్నవాడు ఆ బాకీకి పడవను పోగొట్టుకొనవచ్చును. అయిదు నెట్ టన్నులకు తగ్గని పడవలను కోస్తుగార్డు శాఖవారి జాతీయ పట్టికలో నమోదు చేయించుకొనవచ్చును. అట్టి పడవ పూర్వచరిత్ర ప్రతిని రుసుము కట్టి తెప్పించుకొనవచ్చును. ఈ టన్నులు బరువు కావు, లోపలి యిముడుబాటు కొలత. అయితే ప్రతి బాకీయు ఆ పట్టిక కెక్కదు. కావున యార్డు యజమాని సంతకముతో "మాకు రావలసిన బాకీ లేదు" అను పత్రమును అమ్మువాడు ముందే సంపాదించి, తక్కిన బిల్లులతోబాటు ఆ కట్టలో చేర్చి యుంచవలెను. సొమ్ము చేతికి వచ్చిననాడు తాళములతోబాటు ఆ కట్టయు కొనువానికి చేరును. మరునాడు అతడు పడవ పేరు మార్చుకొన్నను మార్చుకొనవచ్చును.