సైలెన్సరు మార్చిన పిమ్మట కార్బురేటరు సంగతి

ఏ.టి.వి. యను వాహనము మన రోడ్లపై కానరాదు. సముద్రతీరములందును, విహారస్థలములందును అద్దెకు త్రిప్పుచుండగా మన శ్రోతలు కొందరు చూచియుందురు. నాలుగు ఉబ్బు టైర్లపై, మోటారు సైకిలు మీద వలె ఇరువైపుల కాళ్ళు వేసి కూర్చుండి నడుపు చిన్న బండి యది. దాని అసలు తావు అమెరికాలోని ఇసుక దిబ్బలు, అడవి బాటలు, పశువుల పొలములు. శీతకాలమున మోటారు సైకిళ్ళు అమ్ముడుపోక దిగులుపడు అమెరికా వర్తకుల కొరకు హోండా వారు 1970లో మూడు చక్రముల బండిని తెచ్చిరి. మూడు చక్రముల బండ్లు తేలికగా బోల్తాపడి పలువురు గాయపడుటచే, 1988లో ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందము వలన అచ్చట వాని అమ్మకము నిలిచి, నాలుగు చక్రములవే మిగిలినవి.

ఈ బండి కొన్నవారిలో పలువురు మొట్టమొదట చేయు పని, కంపెనీ సైలెన్సరును తీసివేసి బజారులో దొరకు వేరొకదానిని బిగించుట. బరువు తగ్గును, ధ్వని గంభీరమగును, బలము కొంత పెరుగును. ఈ మూడును నిజములే. కాని అంతటితో పని ముగిసినదని తలచి బండిని దిబ్బలపైకి పరుగెత్తించినచో ఇంజనుకు ముప్పు. కొత్త బండ్లలో పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్మును. వాని సంగతి వేరు. 1999లో వచ్చిన హోండా 400 ఇ.ఎక్స్. వంటి కార్బురేటరు బండ్లు ఇప్పటికిని అనేకము తిరుగుచున్నవి. మేము చెప్పబోవునది వానిని గూర్చియే.

పొగ వెడలు దారియు, గాలి వచ్చు దారియు చూచుటకు వేరైనను ఇంజనుకు రెండును కలసి ఒకే ఊపిరి. బరువు లెక్కన పెట్రోలు ఒక పాలునకు గాలి సుమారు 14.7 పాళ్ళు కలసినపుడు పూర్తిగా మండును. పూర్తి బలము కావలసినపుడు 13 పాళ్ళ గాలి చాలును. అనగా పెట్రోలు కొంచెము హెచ్చుగా నుండవలెను. కర్మాగారము వారు పొగ నిబంధనలకు లోబడి పెట్రోలును కొంత పొదుపుగానే అమర్చి పంపుదురు. అట్టి బండిలో పొగ సులభముగా బయటికి పోయినచో సిలిండరులోనికి గాలి హెచ్చుగా వచ్చును. కార్బురేటరు గాలి వేగమును బట్టి పెట్రోలును అందించునదే యైనను, ఆ హెచ్చుకు సరిపడునంత అందింపజాలదు. మిశ్రమము పలుచనగును. ఎయిర్ ఫిల్టరు పెట్టె మూతను గూడ తీసివేసినచో మరింత పలుచనగును. అట్టి మిశ్రమముతో పూర్తి వేగమున చాలసేపు నడపిన ఇంజను మితిమీరి వేడెక్కి, పిస్టను తల కరగి చిల్లిపడుటయు కలదు.

ఇక పని. ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే చేయి పెట్టవలెను. పాత సైలెన్సరు గొట్టము సిలిండరు హెడ్డును కలియు చోట రెండు స్టడ్డులుండును. వేడికిని, బురదకును అవి తుప్పుపట్టి బిగుసుకొనియుండును. బలవంతముగా స్పానరు వేసి త్రిప్పినచో స్టడ్డు హెడ్డులోనే విరిగిపోవును. గంట పని మూడు దినముల పనియగును, లేతు షాపు ఖర్చు వేరు. కావున ముందు రాత్రియే తుప్పు విడదీయు నూనె పోసి నాననిచ్చి, మరునాడు కొంచెము ముందునకు, కొంచెము వెనుకకు త్రిప్పుచు విప్పవలెను. పాత ప్యాకింగును మరల వాడరాదు. క్రొత్త గొట్టమును అమర్చునపుడు నట్లనన్నిటిని వదులుగా పెట్టి, గొట్టము తన చోట కుదురుకొనిన పిమ్మట సమముగా బిగించవలెను. మొదటి సవారి యైన తరువాత, చల్లారినపుడు, మరియొకసారి బిగించి చూడవలెను.

కార్బురేటరులో పెట్రోలు మూడు దారుల వచ్చును. బొటనవ్రేలి మీటను కొద్దిగా నొక్కినంతవరకు పైలట్ జెట్టు, మధ్యలో సూది, ముప్పాతిక దాటిన తరువాత మెయిన్ జెట్టు ప్రధానముగా పనిచేయును. జెట్టుపై అంకె పెద్దదైనకొలది పెట్రోలు హెచ్చు. సూదికి గల క్లిప్పును ఒక గాడి క్రిందికి దించినచో సూది పైకి లేచి పెట్రోలు హెచ్చగును. దీనిని తలక్రిందుగా తలచి తికమకపడువారు చాలమంది. ప్రక్కనుండు చిన్న మర ఇంజను వైపున నున్నచో, విప్పినకొలది పెట్రోలు హెచ్చును. ఫిల్టరు వైపున నున్నచో అది గాలి మర, విప్పినకొలది మిశ్రమము పలుచనగును. ఏ మరనైనను ముట్టకముందు అది ఎన్ని చుట్లు విప్పియున్నదో లెక్కించి వ్రాసికొనవలెను. జెట్టులు మెత్తని ఇత్తడివి, సరియైన స్క్రూడ్రైవరుతోనే తీయవలెను. పెట్రోలు కాకును మూసి, అడుగు గిన్నెను ఖాళీచేసి, దీపమును బీడీని దూరముగా నుంచుట ఎవరును చెప్పనక్కరలేదు. అయినను చెప్పుచున్నాము.

ఒకసారి ఒక మార్పు మాత్రమే చేయవలెను. బండిని పూర్తి వేగమున నడపుచు మీటను ఇసుమంత వదలినపుడు ఇంజను మరింత హుషారుగా లాగినచో మెయిన్ జెట్టు చిన్నదని అర్థము. నల్లని పొగ, పెట్రోలు వాసన, గుటకలు మ్రింగినట్లు నడచుట — ఇవి జెట్టు పెద్దదగుటకు గుర్తులు. మీటను వదలినపుడు వెనుక పటపట పేలుట పలుచని మిశ్రమమున కావచ్చును. గొట్టపు అతుకు వద్ద బయటి గాలి చొరబడినను అట్లే పేలును. అతుకును ముందు చూచి, తరువాత జెట్టును అనుమానించుట మేలు. చివరకు పూర్తి వేగమున కొంతదూరము నడపి, ఇంజనును ఒక్కసారిగా ఆపి, ప్లగ్గును తీసి చూడవలెను. పింగాణి పాలవలె తెల్లగా నున్నచో ప్రమాదము. లేత కాఫీ రంగు తృప్తికరము.

ఎత్తును మరువరాదు. ప్రతి 1,000 అడుగులకు గాలి సాంద్రత సుమారు మూడు శాతము తగ్గును. సముద్రమట్టమున కుదిరిన జెట్టు కొలరాడో పర్వతములపై 10,000 అడుగులకు చేరగానే పెద్దదగును. మన అరకు ఘాటుపై పాత కార్బురేటరు మోటారు సైకిలు కొంత బరువుగా లాగుటలో ఇదియు ఒక కారణము.

అమెరికా అటవీ భూములలో మరియొక నిబంధన కలదు. సైలెన్సరులో నిప్పురవ్వలను పట్టు జల్లెడ యుండితీరవలెను. బజారులో దొరకు సైలెన్సరులన్నిటికి అది యుండదు. ఎండు గడ్డిలో పడిన ఒక రవ్వ వేల ఎకరముల అడవిని కాల్చగలదు. కాలిఫోర్నియాలో 1986 నుండి తయారైన బండ్ల ధ్వని, గొట్టమునకు 20 అంగుళముల దూరమున కొలిచినపుడు, 96 డెసిబెల్సు మించరాదు.

మన యువకులు పాత బుల్లెట్లకును, 1985 నుండి 1996 వరకు అమ్మిన యమహా ఆర్.ఎక్స్. 100 బండ్లకును సైలెన్సరు మార్చుట కలదు. పైన చెప్పిన ఇంజను ధర్మము వానికిని వర్తించును. రెండు స్ట్రోకుల ఆర్.ఎక్స్.కు మరింతగా వర్తించును, ఏలనన దాని గొట్టపు ఆకారమే సిలిండరు నింపుటలో పాలుపంచుకొనును. కాని మన రోడ్లపై బండిని తయారీదారు నిర్ణయించిన రీతికి భిన్నముగా మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధము. పోలీసులు ఊడదీయించిన సైలెన్సరులను రోడ్డు రోలరు క్రింద త్రొక్కించుట మన నగరములందు జరిగినదే. ఆసుపత్రి వీధిలో రోగియు, పరీక్షకు చదువుకొను పిల్లవాడును ఆ ధ్వనిని గంభీరమని మెచ్చుకొనరు.

తీసిన పాత సైలెన్సరును, పాత జెట్టులను పారవేయరాదు. జెట్టులను చిన్న డబ్బాలో వేసి, ఏ అంకె జెట్టు ఎచ్చట నుండెనో, మర ఎన్ని చుట్లుండెనో వ్రాసిన కాగితమును గూడ అందులోనే ఉంచవలెను. బండిని అమ్మదలచిననాడు కొనువాడు మొదట అడుగునది ఆ డబ్బానే.