గ్రంథాలయం మనది, అడుగుదాం



సంఘంలో చేరాక మనలో చాలామంది సంతకం నేర్చుకున్నాం. అక్కడే ఆగిపోతే అప్పు కాగితంలో ఏముందో ఎప్పటికీ ఇంకొకరు చదివి చెప్పాల్సిందే. చదివే అలవాటు కావాలె. దానికి చోటు గ్రంథాలయం.

అది ఎవరో దయతో పెట్టింది కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. కిరాయికి ఉన్నా ఆ భారం కిరాయిలోనే ఉంటది. అందుకే మొహమాటం వద్దు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో లైను మారితే చిక్కడపల్లిలో దిగొచ్చు. నగర కేంద్ర గ్రంథాలయం ఆ చిక్కడపల్లిలోనే ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటది. మన బిడ్డలనూ పంపుదాం, మనమూ పోదాం.

ఏ పుస్తకం తీయాలో తెలియకపోతే అక్కడి సిబ్బందిని అడగండి. “కూడబలుక్కుని చదువుతా, పెద్దక్షరాల కథలు చూపించండి” అనండి. “కుట్టుపని పుస్తకం కావాలె” అనండి. మన అవసరం చెబితేనే కదా వాళ్లకు తెలిసేది.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. అందులో ఒక పూట మహిళల చదువుకు ఇవ్వమని సమాఖ్య తరఫున తీర్మానం రాద్దాం. అక్టోబరులోనే ఇద్దాం. ముందు అందరం చదివి, తర్వాతే సంతకం పెడదాం.