ఇసే ఆలయము: ఇరువది యేండ్ల ప్రాచీనత



జపాను దేశమున ఇసే నగరమందు సూర్యదేవతయగు అమతెరాసు కొలువైన ఆలయము కలదు. యాత్రికుడు ఇసుజు నదిపైని ఊజి వంతెన దాటి, చేతులును నోరును కడిగికొని, మహావృక్షముల నీడను నడచిపోవును. గర్భమందిరము కంచెల మాటుననే యుండును. వెలుపల నిలిచి రెండుమారులు వంగి, రెండుమారులు చప్పట్లు చరచి, మరల నొకమారు వంగి నమస్కరింపవలెను.

రాతి గుడుల నెరిగిన తెలుగువారికి ఇచ్చట నొక వింత కలదు. ఈ కొయ్య మందిరమును ఇరువది యేండ్ల కొకమారు ప్రక్క స్థలమున క్రొత్తగా కట్టి, దేవతను అందులోనికి తరలింతురు. 690లో మొదలైన యీ యాచారము 2013లో 62వ మారు జరిగినది. పాత మందిరపు ప్రధాన స్తంభములే వంతెన కిరువైపుల తోరణద్వారములగును.

ఈ పరంపర యెన్నడును తెగలేదనుట సరికాదు. అంతఃకలహముల కాలమున, 1462 మొదలు 1585 వరకు, పునర్నిర్మాణము నిలిచిపోయినది. అయినను పట్టుదలతో దానిని మరల నెత్తికొనిరి.

ఒకమారు పెద్దలకు చేయందించిన యువశిల్పి మరుసటి మారు తానే పని నడపును. కొయ్య చివికిన వేరొకటి దొరకును. ఒక తరము విద్య నేర్వకున్నచో ఆలయమే లేదు. స్వస్థలమునకు దూరమున బిడ్డలకు తెలుగు నేర్పవలసిన గృహములకును ఇదే లెక్క.