సోషల్ వర్క్: మనసుతో పాటు చదువు

ఆకలితో ఉన్నవారికి అన్నం పెట్టడం దయ. ఆ ఇంటికి రేషన్ కార్డు ఎందుకు రాలేదో కనుక్కుని, వచ్చేదాకా వాళ్ల వెంట నిలబడడం సోషల్ వర్క్. దానికి మంచి మనసొక్కటే చాలదు, శిక్షణ కావాలి.

మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. సర్ దోరాబ్జీ టాటా పేరిట వెలిసిన ఆ స్కూలే ఇవాళ్టి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. మన దగ్గర విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులో రోడా మిస్త్రీ కాలేజీ ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) నేర్పుతున్నాయి.

ఈ కోర్సుకు ప్రాణం ఫీల్డ్ వర్క్. విద్యార్థులు బస్తీలకూ ఆసుపత్రులకూ వెళ్తారు. టీబీ మందులు మధ్యలో మానేసిన కూలీ ఉన్నాడనుకోండి. "ఎందుకు మానేశావు?" అని గద్దించకూడదు. ఆసుపత్రికి వెళ్తే ఆ పూట కూలి పోతుందన్న మాట ఆయన నోట వచ్చేదాకా ఓపికగా వినాలి. తిరిగొచ్చాక ఆయన ఏమన్నాడు, తామేమన్నారు, తమ మనసులో ఏం మెదిలింది, అన్నీ రాయాలి. ఆ రాత ముందు పెట్టుకుని, ఎక్కడ తొందరపడ్డారో అధ్యాపకులు చూపిస్తారు. నా దృష్టిలో అసలు పాఠం అదే.

మీ ఇంట్లో డిగ్రీ పూర్తయిన పిల్లలకు ఇటువైపు మనసుంటే, "అదేం చదువు?" అనకుండా పంపించండి.